అద్దంలో బొమ్మ కట్టిన చీర

పోయిన నెల అమ్మ హైదరాబాద్ వచ్చింది. ఆదివారం సాయంత్రం అబిడ్స్ తీసుకెళ్లా. కబుర్లు చెబుతూ నడుస్తున్న మనిషి ఒక చీరల షాపు ముందు టక్కున ఆగిపోయింది. అద్దం వెనక బొమ్మకి వంకాయ రంగు పట్టుచీర, సన్నటి జరీ అంచు. రీల్స్ తోసుకుంటూ పోతుంటే ఒకచోట మన వేలు ఆగుతుంది చూడండి, అచ్చం అలా ఆగింది.

లోపలికెళ్లాం. సేల్స్ గర్ల్ పాపం ఓపిగ్గా నలభై చీరలు విప్పింది. అందులో వంకాయ రంగువే ఆరు. అమ్మ మాత్రం ప్రతిదానికీ "ఇది కాదమ్మా, బయట బొమ్మ కట్టుకుంది చూడు, అదీ" అంటోంది. చివరికి ఆ అమ్మాయి అసలు సంగతి చెప్పింది. "అది డిస్‌ప్లే పీసండీ. స్టాక్ లేదు."

"పోనీ ఆ బొమ్మదే ఇవ్వొచ్చుగా?"

మేనేజర్‌ని అడగాలంది. మేనేజర్ బయటికెళ్లారంది. ఉన్నా ఇవ్వరని కూడా తనే చెప్పేసింది.

ఏమీ కొనకుండా బయటికొచ్చాం. అమ్మ ఇంకోసారి బొమ్మ వైపు చూసి, "అమ్మనప్పుడు దానికి కట్టడం ఎందుకో" అంది.

మామూలుగా అయితే నవ్వేదాన్ని. కానీ షాపు అద్దాల విషయంలో నవ్వే అర్హత నాకు లేదు. ఎందుకంటే ఒక మంచి కొట్టుని అద్దంతో దాదాపు ముంచిన చరిత్ర నాది. అదీ మా మావయ్య చిట్టీ పాడిన డబ్బుతో. ఈ వారం ఆ కథే చెబుతా.

మావయ్యకి నరసరావుపేటలో బట్టల కొట్టు ఉంది. షోరూమ్ కాదు, కొట్టు. బస్టాండుకి దగ్గర బజార్లో, పద్నాలుగు అడుగుల వెడల్పు, లోపలికి పొడుగ్గా ఉంటుంది. నా చిన్నప్పుడు దాని ముందు భాగం ఎలా ఉండేదంటే, పైన రేకుల పంచ. పంచకి కట్టిన తాడు మీద పిల్లల గౌన్లు, నైటీలు హ్యాంగర్లకి వేలాడుతూ గాలికి ఊగేవి. మెట్ల మీద రెండు బొమ్మలు. ఒకదానికి తల లేదు, ఇంకోదానికి ముక్కు చెక్కు లేచిపోయింది. పక్కన లుంగీల దొంతర, తువ్వాళ్ల కట్ట. అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో రాసిన రేట్లు. మెట్టు పక్కన స్టూలు మీద మావయ్య. "రాండమ్మా, చూసిపోండి, కొనకపోయినా పర్లా" అని వచ్చేపోయే వాళ్లని పిలుస్తూ ఉండేవాడు.

రెండేళ్ల కిందట ఆ బజారుకి కాస్త దూరంలో మెయిన్ రోడ్డు మీద పెద్ద షోరూమ్ ఒకటి వచ్చింది. మూడంతస్తులు, ముందంతా అద్దం. మావయ్యకి దిగులు పట్టుకుంది. ఫోన్ చేశాడు. "అమ్మాయ్, నువ్వు షాపింగ్ యాప్‌లోనేగా పనిచేసేది. జనాన్ని ఎట్టా ఆపాలో మీకు తెలుసుద్ది. మన కొట్టు ముందు ఏం చేస్తే బాగుంటదో చెప్పు."

నేను హోమ్ పేజీ టీమ్‌లో పనిచేస్తా. యాప్ తెరవగానే పైన పెద్ద బొమ్మ కనిపిస్తుంది చూశారా, ఆ జాగా మా టీమ్‌ది. అక్కడ ఏం పెడితే ఎంతమంది నొక్కుతారన్నది నాకు రోజూ పనే. ఇంకేం, రెచ్చిపోయా. పింటరెస్ట్‌లో రెండు రాత్రులు కూర్చుని ప్యారిస్, మిలాన్ షాపుల ఫొటోలన్నీ పోగేశా. రేకుల పంచ పీకించేశా, అద్దానికి అడ్డమని. తాడు, అట్టముక్కలు, లుంగీల దొంతర అన్నీ లోపలికి. ముందు నిలువెత్తు అద్దాలు మూడు పలకలు, పక్కన అద్దం తలుపు, లోపల ఏసీ. అద్దం వెనక తెల్ల గోడ. దాని ముందు ఒకే ఒక్క బొమ్మ, దానికి ఒకే ఒక్క చీర, పైన ఒక స్పాట్ లైటు. రేటు చీటీ లేదు. అదే క్లాసు అని చెప్పా. నేలకి కొత్త టైల్స్. లోపల తెల్ల దుప్పటి పరిచిన పరుపు కూడా తీసేసి కౌంటర్ పెడదామన్నా గానీ, అత్తయ్య పడనివ్వలేదు. ఆ ఒక్కటీ బతికింది.

దసరాకి వారం ముందు తెరిచాం. ఫొటోల్లో అద్భుతంగా వచ్చింది. మా కజిన్స్ గ్రూపులో అందరూ చప్పట్లు కొట్టారు.

జనం రాలేదు.

మొదట కొత్త షోరూమ్ దెబ్బ అనుకున్నాం. దసరా మూడు రోజులుందనగా నేను సెలవు పెట్టి ఊరెళ్లి, ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నా. పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఫోన్‌లో లెక్క రాసుకున్నా. మా కొట్టు ముందు ఆగినవాళ్లు ముప్ఫై నాలుగు మంది. వావ్ అనుకునేలోపు ఇంకో లెక్క. అందులో తొమ్మిది మంది ఆగింది జుట్టు సర్దుకోవడానికి. ఒకావిడ పైట పిన్ను తీసి మళ్లీ పెట్టుకుంది. ఒక కుర్రాడైతే దువ్వెన తీశాడు. లోపలికి వెళ్లింది ముగ్గురే. అందులో ఒకరు ఐదొందలకి చిల్లర అడగడానికి.

పన్నెండు దాటాక ఒక ముసలావిడ వచ్చింది. చేతిలో బుట్ట. అద్దం తలుపు దగ్గర చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. లోపలికి తొంగి చూస్తుంది, వెనక్కి జరుగుతుంది. ఆ టైల్స్ మీద కాలు పెట్టొచ్చో లేదో తేల్చుకోలేకపోతోంది. మావయ్య చూసి పరుగున వచ్చి తలుపు తీశాడు. ఆవిడ అన్నమాట నాకు రోడ్డు ఇవతలికి కూడా వినపడింది. "నువ్వా నాయనా! కొట్టు ఎవరికో అమ్మేసిపోయావనుకున్నా."

పదిహేనేళ్లుగా ఏటా రెండుసార్లు ఆ కొట్లోనే చీరలు కొనే మనిషట.

ఆ దసరాకి తెచ్చిన సరుకులో సగం అట్టపెట్టెల్లోనే మిగిలిపోయింది. సూరత్ నుంచి అప్పు మీద తెచ్చిన సరుకు అది. గడువుకి డబ్బు కట్టాలి. ఆ రాత్రి భోజనాల దగ్గర మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. "నీ తప్పేముందిలేమ్మా, నేను అడిగా, నువ్వు చెప్పావు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

పరీక్ష పోయాక సిలబస్ తిరగేయడం ఇంజినీరింగ్‌లో మనకి అలవాటే కదా. అప్పుడు మొదలుపెట్టా, అసలు ఈ షోకేసుల కథేంటో చదవడం.

'విజార్డ్ ఆఫ్ ఆజ్' అని పిల్లల కథ ఉంది, సినిమా కూడా వచ్చింది. ఆ కథ రాసిన ఎల్. ఫ్రాంక్ బామ్ ఒకప్పుడు ఊరూరా తిరిగి పింగాణీ సామాన్లు అమ్మినవాడు. 1897లో ఆయన చికాగోలో 'ది షో విండో' అని ఒక పత్రిక పెట్టాడు. షాపు కిటికీలో సరుకు ఎలా సర్దాలి అన్నదే దాని విషయం. 1900లో ఇదే సంగతి మీద ఏకంగా పుస్తకం వేశాడు. ఆజ్ కథ వచ్చిందీ ఆ ఏడాదే. పగలు షాపు కిటికీలు, రాత్రి మాయాలోకం. ఆలోచిస్తే రెండూ ఒకే పనిలా అనిపిస్తాయి.

ఆ చికాగోలోనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనిచేసి ఎదిగిన హ్యారీ గోర్డన్ సెల్ఫ్రిడ్జ్ లండన్ వెళ్లి, 1909 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో సొంత స్టోర్ తెరిచాడు. కొట్టు కట్టేశాక కూడా కిటికీల్లో దీపాలు వెలిగేలా ఏర్పాటు చేశాడు. రాత్రిపూట షికారుకి వచ్చినవాళ్లు కూడా చూస్తూ నిలబడాలని. కొనకపోయినా ఫర్వాలేదు, తిరిగి చూసి వెళ్లండి అనేది ఆయన పద్ధతి. ఈ మాట చదివి ఆగిపోయా. ఇది మా మావయ్య స్టూలు మీద కూర్చుని అరిచే మాటే కదా?

అప్పుడు వెలిగింది. అక్కడ అద్దం రాకముందు ఏముంది? గోడ, తలుపు, లోపల కౌంటరు, కౌంటరు వెనక సరుకు. చలి దేశం, తలుపులు మూసే ఉంటాయి. అద్దం వచ్చి ఆ గోడని తీసేసింది. వీధికి లోపల ఏముందో చూపించింది. మన దగ్గర? గోడే లేదు. షట్టర్ ఎత్తితే కొట్టు మొత్తం వీధిలోనే ఉంటుంది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజుల కొట్లు చూడండి. గాజుల వరసలు గడప దాకా వచ్చేసి ఉంటాయి, బల్బుల వెలుగు వాటి మీది రాళ్ల మీద పడి మిలమిల మెరుస్తుంది. అమ్మే మనిషి గడప దగ్గరే కూర్చుని మన మణికట్టు చూసి సైజు చెప్పేస్తాడు. అంటే లండన్‌లో అద్దం గోడని తీసేస్తే, నేను పేటలో లేని గోడ కొని తెచ్చి పెట్టానన్నమాట. అదీ లక్షా ఎనభై వేలు పోసి.

ఇంకో తప్పు ఖాళీ జాగా. షోకేసులో ఎంత ఖాళీ ఉంటే సరుకు అంత ఖరీదని అర్థం. ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, అందరికీ తెలుసు. న్యూయార్క్‌లో టిఫనీ నగల షాపు కిటికీలు చాలా చిన్నవి. జీన్ మూర్ అనే ఆయన 1955 నుంచి 1994 దాకా వాటిని సర్దాడు. వాటిలో ఒకటో రెండో నగలు పెట్టేవాడు. అది వజ్రాల భాష. నాలుగొందల యాభై రూపాయల చీరకి నేను ఆ భాష మాట్లాడించా. ఒక్క బొమ్మ, రేటు లేదు, తెల్ల గోడ. దారిన పోయేవాళ్లు సరిగ్గానే చదువుకున్నారు: "ఇది మనకి కాదు."

పేర్లు చెప్పుకుంటున్నాం కాబట్టి ఒక పిట్టకథ. 1939లో న్యూయార్క్‌లో బాన్విట్ టెల్లర్ అనే స్టోర్ ఒక కిటికీ సర్దమని చిత్రకారుడు సాల్వడార్ డాలీకి ఇచ్చింది. ఆయన లోపల బొచ్చు అంటించిన స్నానాల తొట్టి పెట్టాడు. జనం గొడవ చేసేసరికి షాపువాళ్లు ఆయనకి చెప్పకుండా కొంత మార్చేశారు. ఆయనకి ఒళ్లు మండి లోపలికెళ్లి తొట్టిని లాగితే, అది అద్దం పగలగొట్టుకుని వీధిలో పడింది. తొట్టితో పాటు ఆయన కూడా బయటికొచ్చి పోలీసులకి దొరికాడు. డిజైనర్‌కి చెప్పకుండా డిజైన్ మార్చే మేనేజర్లు ఆఫీసుల్లో ఇప్పటికీ ఉన్నారు. తొట్టి లాగే ధైర్యమే మనకి లేదు.

సరే, మా అద్దం దగ్గరికి వద్దాం. జనం అందులో ఎందుకు తల దువ్వుకున్నారు? ఇది ఫస్టియర్ ఫిజిక్స్. సిగ్గుచేటు, నాకే తట్టలేదు. అద్దానికి రెండు ముఖాలు. వెలుగు ఒక్కో ముఖం దగ్గర దాదాపు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. రెండూ కలిపితే 8 శాతం. అంతేగా అనిపిస్తుంది. కానీ ఎండలో వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటుంది. మా స్పాట్ లైటు కింద వెయ్యి ఉంటే గొప్ప. లెక్క మరీ సూటిగా అలా ఉండదు గానీ, లక్షలో 8 శాతం ఎంతో వేసుకోండి. ఎనిమిది వేలు. లోపలి చీర వెలుగు దాని ముందు ఏ మూలకి?

మా కొట్టు పడమర ముఖం. పల్లెల నుంచి జనం బస్సులెక్కి వచ్చేది పొద్దున పది నుంచి రెండు లోపు. ఆ టైమంతా ఎదురు వరస మేడల మీద ఎండ దంచుతుంటుంది. మా అద్దంలో ఆ మేడలు, ఆ ఎండ, ఆగినవాళ్ల మొహం తప్ప ఇంకేం కనపడవు. మరి రెండు దాటాక? సూర్యుడు ఇటు తిరిగి నేరుగా లోపలికి కొడతాడు. అప్పుడు చీర కనపడుతుంది గానీ, రంగు వెలిసిపోతుంది. పది రోజులు బొమ్మ మీదే ఉంచిన గులాబీ రంగు చీర విప్పి చూస్తే, లోపలి మడత ఒక రంగు, ఎండ తగిలిన వైపు ఇంకో రంగు. మావయ్య దాన్ని సగం ధరకి ఇచ్చేశాడు.

ఈ రెండు సమస్యలకీ మందు ఒకటే. అద్దం మీద నీడ పడాలి. అంటే ఏంటి? నేను "లుక్ చెడగొడుతోంది" అని పీకించిన రేకుల పంచ.

తలుపు చేసిన నష్టం వేరే. మన ఆడవాళ్లు చీర నచ్చితే ఏం చేస్తారు? చేత్తో పట్టుకుని గడప దాకా నడిచి ఎండలో చూస్తారు. అనుమానం కాదది, సైన్సు. లైటు మారితే రంగు మారుతుంది. చౌక ఎల్‌ఈడీల వెలుగులో ఎరుపు సరిగ్గా పలకదు. కుంకుమ రంగు చీర లోపల ఇటుక రంగులా కనపడొచ్చు. బంగారం కొట్లలో గమనించండి, బంగారం మీద పసుపు ఛాయ లైట్లు, వజ్రాలు, వెండి ఉన్నచోట తెల్ల లైట్లు వేస్తారు. ఊరికే కాదు. అందుకే గడప దాకా వెళ్లి చూడటం కొనేవాళ్ల హక్కు. నేను ఆ దారికి అద్దం తలుపు బిగించా. ఒకామె అత్తయ్యతో అందట, "ఎండలో చూపించకుండా అమ్ముతున్నారంటే ఏదో ఉందిలే" అని.

కార్తీకంలో మళ్లీ మేస్త్రీని పిలిచాం. డబ్బు లేదు కాబట్టి అంతా పగలగొట్టే పని పెట్టుకోలేదు. మూడు పలకల్లో రెండు తీయించి, అవి లోపల బీరువాలకి అరలుగా కోయించాం. మధ్య పలక ఒక్కటి ఉంచాం. తలుపు తీసేశాం. ఏసీ లోపలి గదికి పోయింది. రేకుల పంచ మళ్లీ వేయించాం, కాకపోతే ఈసారి కాస్త ఎత్తుగా, నీలం రంగుతో. మావయ్య స్టూలు మెట్ల మీదికి తిరిగొచ్చింది.

మధ్య అద్దం సర్దే పని మాత్రం నాది కాదు, అత్తయ్యదని మావయ్య తేల్చేశాడు. నేను పక్కన నిలబడి గుండుసూదులు అందించా. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నది రెండు రాత్రుల పింటరెస్ట్‌లో లేదు.

మొదటిది, బొమ్మకి బట్టలు కట్టడం ఎంత కుస్తీయో. ఫైబర్ బొమ్మ చెయ్యి వంగదు కదా, చొక్కా తొడగాలంటే చేతులు తిప్పి ఊడదీసి, చొక్కా వేశాక లోపల్నించి మళ్లీ బిగించాలి. ప్యాంటు అయితే నడుం దగ్గర విడదీసి, కాళ్లు తలకిందులు చేసి తొడగాలి. ఇక చీర కట్టాలంటే, దాని నడుం మన మోచేతి కొలతంత ఉంటుంది, ఎత్తేమో ఆరడుగులు. కుచ్చిళ్లు ఎన్ని పెట్టినా ఇంకా మిగులుతుంది. మిగిలిందంతా వెనక్కి మడిచి పిన్నులు. షాపులో బొమ్మ మీద జాకెట్టు, చొక్కా అంత చక్కగా అమిరాయంటే, ఒక్కసారి దాని వీపు వైపు చూడండి. పది పిన్నులు, నాలుగు క్లిప్పులు. ట్రయల్ రూమ్‌లో మనకి అలా రాలేదని బాధపడక్కర్లేదు.

కట్టేటప్పుడు కొంగు ముందుకి రావాలి. చీరలో పనితనం ఉండేది అక్కడే. "కొనేవాళ్లు కొంగుని చూస్తారు, కట్టుకునేవాళ్లు అంచు చూస్తారు" అంటుంది అత్తయ్య. దీనికి అర్థమేంటో నాకిప్పటికీ పూర్తిగా తెలీదు గానీ, ఆవిడ చెప్పిందంటే ఏదో ఉంటుంది.

బొమ్మకి ఏ చీర కట్టాలన్న దానికీ ఆవిడకి పద్ధతుంది. కనీసం పది చీరలు స్టాకున్న రకమే బొమ్మ ఎక్కాలి. కొట్లో అన్నిటికన్నా మంచి చీర ఎక్కకూడదు. "బయట చూసిందానికన్నా లోపల ఇంకా మంచిది కనపడాలమ్మడూ. బయటే బెస్టు చూపించేస్తే లోపలికొచ్చాక మొహం వేలాడేస్తారు." అబిడ్స్‌లో మా అమ్మకి జరిగింది సరిగ్గా ఇదే. ఇంకోటి, బొమ్మ తెల్లతోలుది. ఎక్కడ చూసినా అవే దొరుకుతాయి. "దీనికి ఏం కట్టినా బాగుంటది, అందులో మన గొప్పేముంది" అని, చీర ముందు తన చేతి మీద వేసుకుని చూసుకుంటుంది. చామనఛాయ మీద నిలిచిన రంగులే బొమ్మకి.

డిసెంబర్ మొదటి వారానికి అద్దం రెడీ అయింది. పేట చుట్టుపక్కల క్రిస్మస్ పెద్ద సీజను. అత్తయ్య ముగ్గురు బొమ్మల్ని నిలబెట్టింది. తెల్ల చీర నేత మీద నీలం అంచుతో పెద్దావిడ, పక్కన తెల్ల చొక్కా, పంచెతో మగబొమ్మ, ముందు కుచ్చుల గౌనులో పిల్లబొమ్మ. మూలన కాగితం నక్షత్రం. ప్రతి బొమ్మ కాళ్ల దగ్గరా అట్టముక్క మీద రేటు, నా చేతిరాతతో. "ఒక ఇల్లు నిలబడినట్టు ఉండాల. అప్పుడు ఒకళ్ల కోసం వచ్చినోళ్లు అందరికీ కొంటారు" అంది.

నేను మళ్లీ టీ కొట్టు బెంచీ ఎక్కా. ఈసారి ఆగినవాళ్లు తక్కువే. అద్దం చిన్నదైంది, తల దువ్వుకునేవాళ్లు పోయారు. కానీ ఆగినవాళ్లలో సగానికి పైగా మెట్టెక్కారు. ఒకాయన రేటు చీటీ చదివి, జేబు తడుముకుని, వెళ్లి భార్యని వెంటబెట్టుకొచ్చాడు. అసలు లోపలికి వచ్చాక జరిగే డిస్‌ప్లే వేరే. పరుపు మీద అత్తయ్య చీర మీద చీర విసురుతుంటే, అది కొండలా పేరుతుంది. ఆ కొండ చూసే నలుగురు ఆగుతారు. "ఏదో బేరం జరుగుతోంది, మనమూ చూద్దాం" అని.

క్రిస్మస్, ఆ వెనకే సంక్రాంతి. ముందు ఏడాదంత రాలేదు గానీ, సూరత్ బాకీ తీరింది. చిట్టీ వాయిదాలు మావయ్య ఇంకా కడుతూనే ఉన్నాడు. ప్రతి నెలా అయిదో తారీఖున నాకు గుర్తొస్తుంది. కొంత నేను పంపుతానంటే ఒప్పుకోడు.

ఇప్పుడు అత్తయ్యకి ఇంకో అద్దం కూడా ఉంది, ఫోను. పొద్దున్నే నాలుగు చీరలు మెట్ల మీద, పంచ నీడలో పరిచి ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్ పెడుతుంది. రింగ్ లైట్ కొనిస్తానంటే వద్దంది. యూట్యూబ్‌లో చీరలమ్మే వాళ్లందరూ "కెమెరాకి రంగులో కొద్దిగా తేడా ఉండొచ్చండీ" అంటారు కదా, "ఆ మాట చెప్పే పనే లేకుండా నీడలో తీస్తే పోలా" అని ఆవిడ లెక్క.

ఇక నా ఆఫీసు సంగతి. అబిడ్స్ నుంచి వచ్చిన మర్నాడు మా యాప్ హోమ్ పేజీ తెరిచి చూశా. పైన పెద్ద బొమ్మలో ఒక కుర్తా. నొక్కితే "స్టాక్ లేదు, ఇలాంటివి మరికొన్ని చూడండి" అని వస్తోంది. ఇది పొరపాటు కాదు. అలా ఉంచితే జనం కింద ఉన్నవి చూస్తూ ఎక్కువసేపు ఉంటారని మా దగ్గర అంకెలు ఉన్నాయి. ఆ అంకెలు తీసిన టీమ్‌లో నేనూ ఉన్నా. అమ్మ అన్నమాట గుర్తొచ్చి, స్టాక్ అయిపోయినవి పై బొమ్మలోంచి తీసేయాలని ఒక టికెట్ వేశా. ప్రయారిటీ తక్కువ అని పెట్టారు. ఇంకా ఓపెన్‌లోనే ఉంది.

పోయిన వారం పేట వెళ్లా. నేనున్నప్పుడే ఒక పెళ్లికూతురి చెల్లెలు వచ్చింది. బొమ్మ మీది ఆకుపచ్చ చీరే కావాలంది. ఆ రకంలో మిగతావి అమ్ముడుపోయాయి, చివరిది బొమ్మ మీదే ఉంది. నేను అత్తయ్య మొహం వంక చూశా. ఆవిడ ఏమీ ఆలోచించలేదు. నన్ను పిలిచి దుప్పటి అడ్డం పట్టుకోమంది. బొమ్మ అయినా సరే, బజారు జనం ముందు చీర విప్పకూడదట. పిన్నులన్నీ తీసి, ఎండ తగిలిన చోట వెలిసిందేమో ఆ పిల్లకి చూపించి, మడిచి ఇచ్చేసింది.

బొమ్మకి కట్టడానికి టైము లేక, చేతికందిన పువ్వుల నైటీ ఒకటి దానికి తగిలించింది. సాయంత్రం లోపు ఆ నైటీ రేటెంతని ఇద్దరు మెట్టెక్కారు.